విదేశీ డిగ్రీతో తిరుపతిలో సొంత వ్యాపారం: ముందు ఏ గడప తొక్కాలి?

క్లుప్తంగా: వ్యాపారం పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం వేరు, బయట దేశంలో చదివిన చదువుకు ఇక్కడ దొరికే గుర్తింపు వేరు. సాయం సంగతి జిల్లా పరిశ్రమల కేంద్రం, బ్యాంకు చూస్తాయి. గుర్తింపు సంగతి ఢిల్లీలోని యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం), ఆయా వృత్తుల కౌన్సిళ్లు చూస్తాయి. ఒకరి దగ్గరున్న ఫైల్‌తో ఇంకొకరికి పనిలేదు. సంపాదన అంతా యజమాని లైసెన్సు మీదే ఆధారపడే వ్యాపారమైతే గుర్తింపు చేతికొచ్చాకే లోన్ జోలికి వెళ్లాలి. లైసెన్సుతో పనిలేని వ్యాపారమైతే గుర్తింపు కోసం నెలలు పోగొట్టుకోవాల్సిన అవసరం లేదు.

హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు కట్టాలని అమెరికా 2025 సెప్టెంబరులో ప్రకటించింది. అప్పటి నుంచి అక్కడ చదువుకుంటున్న పిల్లలున్న ఇళ్లలో "తిరిగొచ్చి ఇక్కడే ఏదైనా పెట్టుకుంటే?" అన్న మాట గట్టిగానే నడుస్తోంది. విదేశాల్లో ఎంబీబీఎస్ చేసినవారి ఇళ్లలో ఈ టెన్షన్ ఎప్పటి నుంచో ఉంది. పీలేరు, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లి పదేళ్లు ఏసీ మెకానిక్‌గానో ఎలక్ట్రీషియన్‌గానో పనిచేసి వచ్చినవారిది మరో రకం ఇబ్బంది. పని చేతిలో ఉంటుంది, దాన్ని చూపించే కాగితం ఉండదు.

వీళ్లందరూ అడిగేది ఒకటే: ప్రభుత్వం ఏమైనా సాయం చేస్తుందా? చేస్తుంది. కానీ ఆ సాయం ఏ కౌంటర్‌లో దొరుకుతుందో, ఆ కౌంటర్‌లో ఏ మాటకు విలువ ఉంటుందో తెలియకపోవడం వల్లే ఎక్కువమంది నష్టపోతున్నారు.

## గుర్తింపు ఎవరి చేతిలో ఉంది

"ఫారిన్ డిగ్రీకి ఇండియాలో విలువ ఉందా?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఆ డిగ్రీతో ఏం చేయాలనుకుంటున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

పై చదువుకో, ప్రభుత్వ ఉద్యోగానికో అయితే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కావాలి. ఆ డిగ్రీ ఇక్కడి ఫలానా డిగ్రీతో సమానం అని రాసిచ్చే కాగితం అది. చాలా ఏళ్లపాటు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అందరూ ఏఐయూ అని పిలిచే సంస్థ, ఈ పని చేసింది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ దీనికి సొంత నిబంధనలు తెచ్చింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే నిపుణుల కమిటీ పరిశీలించి 15 పని దినాల్లో నిర్ణయం చెప్పాలి. ఆ విద్యాసంస్థకు సొంత దేశంలో గుర్తింపు ఉందా, ఇక్కడి అదే స్థాయి కోర్సులో చేరడానికి ఉండే అర్హతకు అక్కడి అర్హత దగ్గరగా ఉందా అన్నవి ప్రధానంగా చూస్తారు. ఫ్రాంచైజీ పద్ధతిలో నడిచే కోర్సులకు ఈ గుర్తింపు రాదు.

ఈ నిబంధనల్లోనే చాలామంది చదవకుండా దాటేసే వాక్యం ఒకటుంది. వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, న్యాయవిద్య, ఆర్కిటెక్చర్ వంటి వృత్తి చదువులకు ఇవి వర్తించవు. వాటి సంగతి వాటి కౌన్సిళ్లే చూసుకుంటాయి. ఎంబీబీఎస్ డిగ్రీ పట్టుకుని యూజీసీ పోర్టల్‌లో దరఖాస్తు చేయడమంటే రైలు టికెట్ కోసం బస్టాండులో నిలబడడమే.

దేశాల మధ్య ఒప్పందాలదీ ఇదే తీరు. 2022 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల అక్కడి ఏడాది మాస్టర్స్ డిగ్రీకి ఇక్కడ దారి తెరుచుకుంది. అంతకు ముందు ఏడాది కోర్సు అన్న కారణంతోనే అది ఆగిపోయేది. ఆస్ట్రేలియాతో 2023 మార్చిలో ఇలాంటి ఏర్పాటే కుదిరింది. కానీ బ్రిటన్ ఒప్పందంలోంచి వైద్యం, ఇంజినీరింగ్, నర్సింగ్, న్యాయవిద్య వంటివి తీసేశారు. చదువుకు గుర్తింపు ఇవ్వడానికి ప్రభుత్వాలు ఒప్పుకుంటాయి కానీ వృత్తి చేయడానికి అనుమతి మాత్రం ఒప్పందం మీద ఇవ్వవు. ఆ అనుమతి కింద పనిచేసేది మనుషుల ప్రాణాల మీద, ఆస్తుల మీద, కేసుల మీద కాబట్టి ఈ జాగ్రత్తను తప్పుపట్టలేం.

## డాక్టర్ల దారే అన్నిటికన్నా పొడుగు

విదేశీ ఎంబీబీఎస్ విషయంలో నియమాలు జాతీయ వైద్య కమిషన్, అంటే ఎన్‌ఎంసీ చేతిలో ఉన్నాయి. 2021 నవంబరు 18న వచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఇంగ్లిష్ మీడియంలో జరగాలి. అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇక్కడికి వచ్చాక మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. చేరిన రోజు నుంచి పదేళ్లలో ఇదంతా ముగియాలి. ఆ దేశంలో డాక్టరుగా పనిచేయడానికి అర్హత ఇచ్చే కోర్సు అయ్యుండాలన్నది మరో షరతు. తమ పౌరులకు ఒక రకం, విదేశీ విద్యార్థులకు ఇంకో రకం కోర్సు నడిపే దేశాల్లో చదివినవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. ఆ తేదీకి ముందు చేరినవారికి పాత నియమాలే వర్తిస్తాయి.

ఆ తర్వాత ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశాల్లో వైద్యం చదివినవారికి ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష. 2002లో మొదలైంది, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 300 ప్రశ్నలకు 150 వస్తే పాస్. నెగెటివ్ మార్కులు లేవు. చూడ్డానికి తేలికగా కనిపించే ఈ పరీక్షలో చాలా విడతల్లో పాసైనవారు మూడో వంతు కూడా ఉండరు. పిల్లలు చదవరని తీసిపారేస్తే సరిపోదు. ఇక్కడి ఎంబీబీఎస్ విద్యార్థి తిరుపతి రుయా ఆస్పత్రి లాంటి చోట మూడేళ్లకు పైగా వార్డుల్లో తిరిగి రోగులను చూస్తాడు. బయట చదివిన విద్యార్థి తరగతిలో ఇంగ్లిష్‌లో విన్నా, వార్డులోకి వెళ్తే రోగి రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో మాట్లాడతాడు. పుస్తకం తెలిసినా మంచం పక్కన నిలబడి నేర్చుకోవాల్సింది తక్కువైపోతుంది. ఎఫ్‌ఎంజీఈలో ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఆ మంచం పక్కన నేర్చుకునే విషయాల నుంచే. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌లో చదివినవారికి, ఉక్రెయిన్ యుద్ధంతో మధ్యలో వచ్చేసినవారికి ఆ లోటు ఇంకా పెద్దది. ఆ ఆన్‌లైన్ కాలాన్ని నేరుగా హాజరై పూడ్చుకున్నట్టు చూపించాలని కమిషన్ అడగడంతో చాలామంది రిజిస్ట్రేషన్ ఆలస్యమైంది.

పరీక్ష పాసైనా వెంటనే ఇంటర్న్‌షిప్ దొరకాలని లేదు. మెడికల్ కాలేజీల్లో విదేశీ గ్రాడ్యుయేట్లకు కేటాయించే సీట్లు పరిమితం. అది కూడా పూర్తయ్యాకే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో శాశ్వత రిజిస్ట్రేషన్. అది లేకుండా వైద్యం చేస్తే ఎన్‌ఎంసీ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. "పెద్ద డాక్టరు పేరు మీద బోర్డు పెట్టి, పరీక్ష పాసయ్యేదాకా మనమే చూసుకుందాం" అని సలహా ఇచ్చేవాళ్లు ఊరూరా ఉంటారు. ఆ సలహా విన్న కుర్రాడు పట్టుబడితే ఆరేళ్ల చదువూ పోతుంది.

దంత వైద్యం, న్యాయవిద్య కూడా పరీక్ష దారిలోనే నడుస్తాయి. విదేశంలో లా చదివిన భారతీయులకు బార్ కౌన్సిల్ అర్హత పరీక్ష పెడుతుంది. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ వంటివి 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం కిందికి వచ్చాయి.

## లైసెన్సు అడగని చదువులు

ఇంజినీరింగ్ సంగతి పూర్తిగా వేరు. మన దేశంలో ఇంజినీరుకు డాక్టరులాంటి లైసెన్సు చట్టం లేదు. అమెరికాలో ఎంఎస్ చేసినవారు రేణిగుంటలో యూనిట్ పెట్టుకోవాలన్నా, తిరుపతిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాలన్నా ఎవరూ ఈక్వివలెన్స్ అడగరు. ఇంటి ప్లాన్ల మీద సంతకం చేసి మున్సిపాలిటీకో తుడాకో (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పెట్టాలంటే మాత్రం లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్‌గా, జనం మాటలో ఎల్‌టీపీగా, నమోదు కావాలి. అక్కడ డిగ్రీ చూపించాల్సిందే. ఆర్కిటెక్టుల విషయంలో 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తేడా చెప్పింది. 1972 ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అనే పేరును, అంటే రిజిస్ట్రేషన్ లేనివారు ఆ పేరు పెట్టుకోకూడదు. డిజైన్ పని చేయడాన్నే అది నిషేధించలేదు.

గల్ఫ్ నుంచి వచ్చిన పనివారికి డిగ్రీల గోల ఉండదు. వారికి పనికొచ్చేది ఆర్‌పీఎల్. నేర్చుకున్న పనిని పరీక్షించి ప్రభుత్వ నైపుణ్య సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఇది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద జరుగుతుంది. మళ్లీ మొదటి నుంచి కోర్సు చేయనక్కర్లేదు. బ్యాంకులో "ఈ పని మీకు వచ్చా?" అని అడిగినప్పుడు చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది.

## వ్యాపార సాయం ఎలా నడుస్తుంది

బ్యాంకుకు, పరిశ్రమల కేంద్రానికి డిగ్రీ ఎక్కడ చదివారన్నది పెద్దగా పట్టదు. యూనిట్ నడుస్తుందా, అప్పు తిరిగొస్తుందా అన్నదే వాళ్ల లెక్క.

ఎక్కువమంది వెళ్లే పథకం పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. 2008లో మొదలైంది. 2025-26 వరకు పొడిగించినప్పుడు తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవల యూనిట్‌కు 20 లక్షల వరకు ప్రాజెక్టు వ్యయం పెట్టుకునేలా పరిమితులు పెంచారు. 18 ఏళ్లు దాటితే చాలు, ఆదాయ పరిమితి లేదు. సేవల రంగంలో 5 లక్షలు, తయారీలో 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఎంబీబీఎస్ చేసినవారినీ ఎనిమిది చదివినవారినీ ఈ పథకం ఒకే కంటితో చూస్తుంది.

ఉదాహరణకు చంద్రగిరి మండలంలోని ఒక పల్లెలో బీసీ మహిళ 20 లక్షలతో ఫిజియోథెరపీ సెంటర్ పెడుతున్నారనుకుందాం. ఆమె చేతి నుంచి పెట్టాల్సింది 5 శాతం, అంటే లక్ష రూపాయలు. మిగతా 19 లక్షలు బ్యాంకు ఇస్తుంది. గ్రామంలో పెట్టినందుకు, ప్రత్యేక వర్గంలో ఉన్నందుకు 35 శాతం సబ్సిడీ వస్తుంది, అంటే 7 లక్షలు. చివరికి ఆమె తీర్చాల్సిన అసలు 12 లక్షలు. ఇదే సెంటర్‌ను జనరల్ కేటగిరీకి చెందిన పురుషుడు తిరుపతి టౌన్‌లో పెడితే సొంత వాటా 2 లక్షలు, సబ్సిడీ 15 శాతం చొప్పున 3 లక్షలు, తీర్చాల్సింది 15 లక్షలు. ఎవరు పెడుతున్నారు, ఎక్కడ పెడుతున్నారు అన్నవాటిని బట్టి లక్షల తేడా వస్తుంది.

ఆ 7 లక్షలు చేతికి రావన్నది గట్టిగా చెప్పుకోవాల్సిన మాట. దాన్ని మార్జిన్ మనీ అంటారు. లోన్ తీసుకున్నవారి పేరు మీద మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, అప్పులో అంత భాగానికి వడ్డీ వేయరు. మూడేళ్ల తర్వాత అధికారులు వచ్చి యూనిట్ నడుస్తోందని చూస్తేనే అప్పులో జమవుతుంది. షట్టర్ మూసి ఉంటే సబ్సిడీ వెనక్కి పోతుంది.

ముద్ర పథకంలో సబ్సిడీ లేదు. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షలు, తరుణ్ కింద 10 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. తరుణ్ లోన్ సక్రమంగా తీర్చినవారికి 2024లో 20 లక్షల పరిమితితో తరుణ్ ప్లస్ వచ్చింది. ఎస్సీ, ఎస్టీలు, మహిళల కొత్త యూనిట్లకు 10 లక్షల నుంచి కోటి దాకా లోన్ ఇవ్వడానికి 2016లో స్టాండప్ ఇండియా మొదలైంది, దాని గడువు 2025 వరకే పెట్టారు. కొత్త ఆలోచనతో, పరిశోధనతో మొదలయ్యే స్టార్టప్‌లకు తిరుపతిలోనే ఒక గడప ఉంది. 2025 ఆగస్టులో అమరావతి కేంద్రంగా ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రాంతీయ కేంద్రాల్లో తిరుపతి ఒకటి. ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ రెండూ ఇక్కడే ఉండటం దీనికి కలిసొచ్చే విషయం.

ఏ పథకానికైనా ముందు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు, చేసుకుంటే మంచిది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. దీనికి డబ్బు అడిగేవారు సొంత చార్జీ వసూలు చేస్తున్నట్టే.

బయట దేశం నుంచి వచ్చినవారు బ్యాంకులో ఆగిపోయేది ఇంకో చోట. పదేళ్లు విదేశంలో ఉన్నవారికి ఇక్కడ సిబిల్ చరిత్రే, అంటే పాత అప్పులు ఎలా తీర్చారో చూపే రికార్డే, ఉండదు. అమెరికాలో ఎంత మంచి క్రెడిట్ స్కోర్ ఉన్నా ఇక్కడి బ్యాంకు మేనేజరుకు అది కనిపించదు. అప్పు ఎగ్గొట్టినవారికి స్కోరు తక్కువ, అసలు అప్పే తీసుకోనివారికి స్కోరు లేదు, ఈ ఇద్దరి ఫైళ్లూ ఒక్కోసారి ఒకేలా వెనక్కి వస్తాయి. తిరిగి రాగానే ఎన్నారై ఖాతాను మామూలు రెసిడెంట్ ఖాతాగా మార్చుకోవాలి, అది నిబంధన కూడా. ఆ ఖాతాలో ఆరు నెలలైనా లావాదేవీలు నడిపితే మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది.

## రెండు దారులు ఎక్కడ కలుస్తాయి

లోన్ మంజూరైన రోజు నుంచి ఒక గడియారం తిరగడం మొదలవుతుంది. మొదటి కొన్ని నెలలు అసలు కట్టనక్కర్లేకపోయినా వడ్డీ పడుతూనే ఉంటుంది, తర్వాత కిస్తీలు మొదలవుతాయి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు ఈ గడియారంతో సంబంధం లేదు. రిజిస్ట్రేషన్ రాకముందే అద్దెకు దిగి, పరికరాలు కొని, ఇద్దరు సిబ్బందిని పెట్టుకున్న డాక్టరుకు మిగిలేది అద్దె, జీతం, వడ్డీ. ప్రైవేట్ క్లినిక్‌కు జిల్లా వైద్యాధికారి దగ్గర 2002 నాటి ప్రైవేట్ వైద్య సంస్థల చట్టం కింద నమోదు కావాలన్నా డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల్సిందే. అంటే లోన్ వచ్చినా బోర్డు పెట్టే వీలుండదు.

మెడికల్ షాపు సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. యజమాని ఫార్మసిస్ట్ కానక్కర్లేదు. రిజిస్టరైన ఫార్మసిస్ట్‌ను పెట్టుకుని డ్రగ్ లైసెన్సు తీసుకుంటే చాలు. డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో కూడా పెట్టుబడి ఒకరిది, రిపోర్టు మీద సంతకం అర్హత ఉన్న డాక్టరుది కావచ్చు. ఎఫ్‌ఎంజీఈ ఇంకా పాసవ్వని యువకుడు కుటుంబ డబ్బుతో ఏదైనా చేయాలనుకుంటే, సంతకం వేరొకరిదిగా చట్టం ఒప్పుకునే వ్యాపారం వైపు చూడొచ్చు. పరీక్షకు చదువుకునే సమయం మిగిలేలా మాత్రం చూసుకోవాలి. రోజూ పన్నెండు గంటలు కౌంటర్‌లో కూర్చుంటే ఆ మూడువందల ప్రశ్నలకు సిద్ధం కావడం కష్టం.

## కేరళ, జర్మనీ ఏం చేశాయి

కేరళలో తిరిగొచ్చినవారికి విడిగా పథకం ఉంది. కనీసం రెండేళ్లు విదేశంలో పనిచేసి వచ్చినవారికి ప్రవాసుల వ్యవహారాలు చూసే నార్కా సంస్థ ద్వారా 30 లక్షల వరకు ప్రాజెక్టులకు 15 శాతం, గరిష్ఠంగా 3 లక్షల సబ్సిడీ, మొదటి నాలుగేళ్లు 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. సబ్సిడీ గరిష్ఠ పరిమితి చూస్తే పీఎంఈజీపీ కన్నా తక్కువే. కానీ విదేశంలో గడిపిన కాలాన్ని అక్కడ అర్హతగా లెక్కిస్తారు. మన దగ్గర అదే కాలం సిబిల్ లేకుండా పోయిన కాలంగా మిగులుతుంది.

జర్మనీ 2012లో విదేశీ వృత్తి అర్హతల గుర్తింపు చట్టం తెచ్చింది. అక్కడ దరఖాస్తుదారు చదివిన పాఠ్యాంశాన్ని జర్మన్ పాఠ్యాంశంతో పోల్చి, తేడా ఎక్కడుందో రాతపూర్వకంగా చెబుతారు. ఆ తేడా మేరకు శిక్షణో పరీక్షో పూర్తి చేస్తే గుర్తింపు వస్తుంది. మన ఎఫ్‌ఎంజీఈలో అందరికీ ఒకే పరీక్ష, పాస్ లేదా ఫెయిల్. ఏ సబ్జెక్టులో వెనకబడ్డారో చూసి, దానికి తగిన వార్డు శిక్షణ ఇచ్చే ఏర్పాటు దీనికి తోడైతే, ఐదారు సార్లు పరీక్ష రాస్తూ వయసు పోగొట్టుకునేవారిలో కొందరైనా ఆస్పత్రుల్లోకి వస్తారు. గ్రామీణ ప్రాంతాల్లో డాక్టర్ల కొరత ఉన్న రాష్ట్రానికి ఆ ఖర్చు వృథా కాదు.

## సర్టిఫికెట్ మీద పేరు

అన్ని అర్హతలూ ఉండి కూడా తెలుగువారి ఫైళ్లు ఆగేది చాలాసార్లు పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వేరే గడిలో. విదేశీ విశ్వవిద్యాలయం దాన్ని తిప్పి, అసలు పేరు ముందు, ఇంటిపేరు చివర వేస్తుంది. పెళ్లయిన అమ్మాయిలకైతే ఆధార్‌లో ఇంటిపేరే మారిపోయి ఉంటుంది. రష్యన్ లిపిలో రాసి మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెచ్చిన డిగ్రీలో లక్ష్మికి ఒక అక్షరం తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకు అది ఒకే మనిషి. పోర్టల్‌కు ముగ్గురు.

దీన్ని సరిదిద్దడం అక్కడ చదువుతున్నప్పుడే తేలిక. డిగ్రీ అచ్చు కాకముందే పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తో సరిచూడమని యూనివర్సిటీ ఆఫీసులో అడగాలి. మార్కుల లిస్టు, సిలబస్, ఇంటర్న్‌షిప్ తేదీలతో ఉత్తరం, ఆ దేశ వైద్య నియంత్రణ సంస్థ ఇచ్చే అర్హత పత్రం, ఇంగ్లిష్ అనువాదాలు అన్నీ బయల్దేరే ముందే తీసుకోవాలి. అపోస్టిల్ అంటే పత్రం అసలైనదేనని ఆ దేశమే వేసే ముద్ర. దాని ఒప్పందంలో ఉన్న దేశమైతే ఆ దేశ అధికారులతో అపోస్టిల్ వేయిస్తే సరిపోతుంది. జార్జియా, ఫిలిప్పీన్స్ అందులో ఉన్నాయి. కువైట్ ఆ ఒప్పందంలో లేదు, కాబట్టి అక్కడి అనుభవ పత్రాలకు ముందు ఆ దేశ విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత అక్కడి భారత రాయబార కార్యాలయం ముద్ర కావాలి. తిరుపతి వచ్చాక ఇవే పనులు చేయించాలంటే మళ్లీ టికెట్ కొనుక్కోవాలి, లేదా అక్కడున్న బంధువును రెండు రోజులు సెలవు పెట్టమని బతిమాలాలి.